నరుటోలో హినాటా: ఆ బిడియస్తురాలు నిజంగా ఎదిగిందా?

నీలిగొడుగు | శుక్రవారం రాత్రి 9:12

మా చెల్లితో కలిసి నరుటో అనే జపనీస్ నింజాల అనిమే మళ్లీ మొదటి నుంచీ చూస్తున్నాను. తనకి పద్నాలుగేళ్లు, చూడటం ఇదే మొదటిసారి. నిన్న చునిన్ పరీక్షల్లో, అంటే చిన్న నింజాలు పై హోదా కోసం రాసే పరీక్షల్లో, హినాటా, ఆమె బాబాయి కొడుకు నెజి తలపడే 46, 47 ఎపిసోడ్లు అయ్యాయి. టీవీ కట్టేశాక దుప్పటి దులుపుతూ ఒక ప్రశ్న వేసింది. "అక్కా, ఆ పిల్ల ఓడిపోయింది కదా. మరి అక్కడున్నవాళ్లు తను గెలిచినట్టు చూస్తున్నారేంటి?"

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు చూసిన హినాటా అంటే చూపుడు వేళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించుకుంటూ, తను ఇష్టపడే కథానాయకుడు నరుటో ఎదురుపడితే మాట తడబడి, దగ్గరికొస్తే సొమ్మసిల్లే అమ్మాయి. నా బుర్రలో ఆ బొమ్మే ఉండిపోయింది. ఇప్పుడు చూస్తుంటే అది చాలదనిపిస్తోంది. పోనీ ఎంత ఎదిగిందని లెక్క కట్టబోతే ఆ లెక్కా చేతికి చిక్కడం లేదు.

మీరేమంటారు? ఆ పాత్రలో నిజంగా ఎదుగుదల ఉందా, లేక ఇష్టంకొద్దీ మనమే ఉందనుకుంటున్నామా? తరువాయి సిరీస్ షిప్పూడెన్, సినిమా సంగతులు కూడా రాయండి, చెల్లి ఈ థ్రెడ్ చదవదు.


ఓరుగల్లు_ఒటాకు | శుక్రవారం రాత్రి 9:40

అక్కా, నా మాట జర కటువుగ ఉంటది, ఏమనుకోకు.

హినాటాకు ఎదగాలన్న కోరిక ఇచ్చిన్రు గానీ ఎదిగే జాగ ఇయ్యలే. అసలు కథ ఉన్న బొమ్మల పుస్తకం, మాంగా, మొత్తం 700 అధ్యాయాలు. అండ్ల ఆమె ఒక్కతే నిలబడి గట్టిగ కొట్లాడింది నెజితోని ఒకసారి, ఊరి మీదికొచ్చిన విలన్ పెయిన్‌తోని ఒకసారి. రెండుసార్లూ నేల మీద పడ్డది. ఊరిడిచి పోయిన నరుటో దోస్తు సాస్కేను వాపస్ తెచ్చేతందుకు పోయిన జట్టుల షికమారు, చోజి, నెజి, కిబా, నరుటో ఉన్నరు. ఈమె లేదు. రెండున్నరేండ్ల తర్వాత నరుటో ఊర్లెకు తిరిగొస్తే ఈమె చేసిందేంది? కండ్లు తిరిగి పడిపోవుడు. చునిన్ పరీక్షల నెత్తురు కక్కుకుంట నిలబడ్డ పిల్లను పట్టుకొచ్చి మళ్ల నవ్వులాటకు వాడిన్రు. అది చూసి నాకు మస్తు బాధయింది, ఇప్పటికీ అయితది.

ఆమె అంటే ఇష్టం లేక చెప్తలేను. ఇష్టం ఉన్నందుకే చెప్తున్న.


మాంగా_అటక | శుక్రవారం రాత్రి 10:25

తమ్ముడూ, నీ లెక్క తప్పని నేను అనను. కానీ నీలిగొడుగు గారి చెల్లెలు అడిగిన ప్రశ్న గెలుపోటముల లెక్కకు అందేది కాదు. ఆ పోటీ ఒకసారి నెమ్మదిగా తిరగేద్దాం.

బోర్డు మీద పేర్లు పడగానే నెజి చేయి ఎత్తడు, నోరు ఎత్తుతాడు. పోటీ వదులుకో అంటాడు. నువ్వు మెతక మనిషివి, గొడవలు నీకు పడవు, ఎదుటివాళ్లు ఏమంటే దానికి తలూపుతావు, ఈ పరీక్షకు ముగ్గురు ఉంటేనే రానిస్తారు కాబట్టి నీ జట్టువాళ్లు కిబా, షినోలకు కాదనలేక వచ్చావు, నీ అంతట నీకు రావాలని లేదు అంటాడు. తర్వాత బ్యాకుగన్, అంటే వాళ్ల హ్యూగా వంశానికి ఉన్న కంటి శక్తి, తెరిచి ఆ అమ్మాయి చూపు ఎటు తిరుగుతోందో చదువుతాడు. కళ్లు పైకి ఎడమ పక్కకు వెళ్లాయి, పాత సంగతులు గుర్తొస్తున్నాయి. ఇప్పుడు కిందికి కుడి పక్కకు దిగాయి, రాబోయే ఓటమిని ఊహించుకుంటున్నావు. చేతులు ఒంటి ముందుకు తెచ్చుకున్నావు, నీకూ నాకూ మధ్య గోడ కడుతున్నావు. ఒక్క దెబ్బ కొట్టకుండానే ఆ పిల్లను నిలువునా విప్పి చూపిస్తాడు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అందుకే అంత నొప్పి.

అప్పుడు పైనుంచి నరుటో అరుస్తాడు, మనుషుల సంగతి నువ్వెవడివి తేల్చడానికని. హినాటా చూపు మారేది అక్కడ. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది.

తర్వాత జరిగింది మాత్రం చాలామందికి గుర్తుండదు. నెజి మొదటి నుంచీ ఆమె చేతిలోని చక్ర బిందువులు, అంటే నింజా శక్తి పారే చోట్లు, ఒక్కొక్కటే మూసేస్తూ వచ్చాడని బయటపడుతుంది. జాకెట్ చేయి పైకి తీస్తే ముంజేతి నిండా ఎర్రటి చుక్కలు. అంటే ఆమె కొట్టిన దెబ్బల్లో పస లేదు. గెలిచే దారి మూసుకుపోయింది, అది ఆమెకూ తెలుసు. అయినా మళ్లీ లేస్తుంది. లేచి నెజితో అనే మాట ఏమిటి? బాధపడుతున్నది నేను కాదు, మన వంశంలోని రెండు ఇళ్ల తలరాత మధ్య నలిగిపోతున్నది నువ్వే అని.

ఆ మాటకే నెజి ఒళ్లు తెలియకుండా చంపడానికి మీదికి ఉరుకుతాడు, పెద్దవాళ్లు నలుగురు అడ్డం పడాల్సి వస్తుంది. అరచేతి దెబ్బలన్నీ నెజివే. కానీ పోటీ మొత్తంలో ఎదుటి మనిషి లోపలికి దిగిన దెబ్బ ఆ ఒక్కటే, అది హినాటా కొట్టింది. మీ చెల్లెలికి ఇది చెప్పి చూడండి.


పెన్సిల్_ముక్క | శుక్రవారం రాత్రి 11:03

అటక గారూ, ఆ కళ్ల సంగతి ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. నేను యానిమేషన్ నేర్చుకుంటున్నాను, హినాటా ముఖం గీయడం మాకు పెద్ద పరీక్ష.

సిగ్గుపడే మనిషిని గీయాలంటే మామూలుగా కంటిపాప మీద ఆధారపడతాం. పాప పక్కకు జరిపితే చాలు, తప్పించుకునే చూపు వచ్చేస్తుంది. హ్యూగా వాళ్లకు ఆ వెసులుబాటే లేదు. కళ్లు పాలిపోయినట్టు తెల్లగా ఉంటాయి, పాప విడిగా కనపడదు. కాబట్టి సిగ్గంతా కనుబొమ్మల చివర్లలో, భుజాల వంపులో, వేళ్లలో చూపించాలి. ఆ వేళ్లు ఆనించుకోవడం ఊరికే ముద్దు కోసం పెట్టింది కాదని గీయడం మొదలుపెట్టాకే నాకు అర్థమైంది. ఆ అమ్మాయి కళ్లు చెప్పలేనిది చేతులు చెప్తున్నాయి.

ఇంకో సంగతి. బ్యాకుగన్ తెరిచినప్పుడు కణతల దగ్గర నరాలు ఉబ్బుతాయి. అంత మెత్తటి ముఖం మీద ఒక్కసారిగా నరాలు తేలేసరికి చూసేవాళ్లు ఉలిక్కిపడతారు. నెజి ముఖానికి అది అతికినట్టు ఉంటుంది, హినాటా ముఖానికి మాత్రం అరువు తెచ్చుకున్న కోపంలా ఉంటుంది. 46లో మొదటిసారి తను ఆ కళ్లతో భంగిమ పట్టినప్పుడు చూడండి, అరచేతులు నిటారుగానే ఉన్నాయి, కనుబొమ్మలు మాత్రం ఇంకా భయపడుతున్నాయి. ధైర్యం, భయం ఒకే ముఖంలో. ఆ ఫ్రేమ్ నేను ఇప్పటికి ఎన్నోసార్లు గీశాను, ఒక్కసారీ సరిగ్గా రాలేదు.


కునాయ్_కుర్రాడు | శుక్రవారం రాత్రి 11:20

ఎవరేమన్నా సకురా కంటే హినాటాయే నయం. నరుటో జట్టులోని సకురా సాస్కే వెనక తిరగడం తప్ప ఏం చేసింది?


నిర్వాహకుడు | శుక్రవారం రాత్రి 11:34

కుర్రాడూ, ఇద్దరు అమ్మాయిల్ని తక్కెడలో పెట్టే గొడవకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయి. ఇక్కడ హినాటా గురించే. తర్వాత వచ్చేవాళ్లకు ఒక మాట: కింద షిప్పూడెన్ 166, 364 ఎపిసోడ్లు, 2014 సినిమా కథ వస్తాయి. ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగండి.


గోదారి_గాలి | శనివారం ఉదయం 7:50

ఓరుగల్లు తమ్ముడి కోపం నాకు అర్థమైంది. నా కోపం ఇంకో చోట ఉంది.

హ్యూగా ఇంటి కథ మనకు కొత్తది కాదు. పెద్దవాడి సంతానం పెద్దిల్లు, చిన్నవాడి సంతానం వాళ్లకు కాపలా. హియాషి, హిజాషి కవలలు. ఒకరు ముందు పుట్టారు, ఒకరు వెనక పుట్టారు. ఆ కాస్త తేడాకే ఒకరి వంశం యజమాని అయింది, ఇంకొకరి వంశం నుదుటి మీద ముద్ర వేయించుకుంది. పెద్దింటివాళ్లు తలుచుకుంటే ఆ ముద్రతో మెదడు చిట్లగొట్టగలరు. మనిషి చనిపోతేనే అది చెరిగిపోతుంది, పోతూ పోతూ బ్యాకుగన్ రహస్యాన్ని కూడా మూసేస్తుంది.

హినాటా మూడో పుట్టినరోజున మేఘాల ఊరి దూత ఒకడు అర్ధరాత్రి తనను ఎత్తుకుపోబోతే హియాషి వాణ్ని చంపేశాడు. సంధి చెడుతుందని ఆ ఊరు హియాషి శవం అడిగింది. బదులుగా హిజాషి ప్రాణం ఇచ్చాడు. అంటే మూడేళ్ల పిల్ల పుట్టినరోజు నెజి తండ్రి చావుకి మొదలు. ఏ పాపం ఎరగని పిల్ల నెత్తిన అంత బరువు. పైగా పెరిగాక సొంత తండ్రే, ఐదేళ్లు చిన్నదైన హనాబి పాటి కూడా చేయదు, ఈ వంశానికి ఇది అక్కర్లేదని ఆమె గురువు కురెనాయి ముందు అనేశాడు. పిల్లకు వినపడేలా మరీ.

ఇంత కథ కట్టిన రచయిత దాన్ని విప్పే పని హినాటా చేతికి ఇవ్వాలి కదా! నెజిని మార్చింది నరుటో. హిజాషి రాసిపెట్టిన ఉత్తరం చూపించి, తల వంచి క్షమాపణ అడిగింది హియాషి. పెద్దింటి పెద్దకూతురు, ఈ కట్టుబాటుకు పాత్రా సాక్షీ తనే అయిన మనిషి, ఆ గదిలోనే లేదు. ఆ రెండిళ్ల వ్యవస్థ రద్దయినట్టు మాంగాలో ఎక్కడా చూపించలేదు. నాకు హినాటా పెళ్లి కంటే ఆ ముద్ర ఏమైందో కావాలి.


మాంగా_అటక | శనివారం ఉదయం 8:35

గోదారి గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. అది లోటే.

ఒక చిన్న సంగతి మాత్రం కలుపుతాను. జపనీస్‌లో ఆ పోటీ వినండి. అంత క్రూరంగా మాట్లాడుతున్నా నెజి ఆమెను 'హినాటా సామా' అనే పిలుస్తాడు. సేవకుడు యజమానురాలిని పిలిచే పిలుపు. ఆమె మాత్రం అతన్ని 'నెజి నీసాన్' అంటుంది, అంటే అన్నయ్య అని. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఈ తేడా అంత బాగా అందదు. మనకు వివరం అక్కర్లేదు. బాబాయి కొడుకు మనకూ అన్నయ్యే. ఒకడు 'అమ్మగారూ' అంటూ పొడుస్తున్నాడు, ఆ పిల్ల దెబ్బలు తింటూ 'అన్నయ్యా' అంటోంది. వంశం గీసిన గీతను అతను నోటితో మోస్తున్నాడు, ఆమె నోటితోనే చెరిపేస్తోంది. వ్యవస్థ రద్దు ఆమె చేతికి ఇవ్వలేదు, నిజమే. కానీ ఆ పిలుపు ఆమె ఎన్నడూ మార్చలేదు.


కాకినాడ_కాజా | శనివారం ఉదయం 9:10

ఈ పిలుపుల సంగతి బావుంది. సోనీ యాయ్‌లో తెలుగులో వచ్చినప్పుడు మా తమ్ముడి పక్కన కూర్చుని చూశాను. మన భాషలో హినాటా మాటలు వింటే ఇంకా చిన్నపిల్లలా అనిపించింది నాకు. జపనీస్‌లో మిజుకి నానా గొంతు వేరు. ఆవిడ పేరున్న గాయని, పెద్ద గొంతు ఉన్న మనిషి. ఆ గొంతంతా అణచుకుని పెదవుల చివర మాట్లాడుతుంది. పెయిన్ ముందు నిలబడినప్పుడు కూడా గొంతు పెంచదు. పెంచి ఉంటే ఆ సన్నివేశం పాడైపోయేది.


చివరి_బెంచీ | శనివారం మధ్యాహ్నం 2:16

నేను ఈ వేదికలో చేరి మూడేళ్లయింది, రాయడం ఇది రెండోసారి. చదివి వెళ్లిపోతుంటాను. ఈ థ్రెడ్ చూశాక ఊరుకోలేకపోయాను.

ఇంజినీరింగ్ మూడో ఏడాది సెమినార్‌లో నా వంతు వచ్చినప్పుడు మూడు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. మా లెక్చరర్ అరవై మంది ముందు, నోట్లో నాలుక లేనిదానివి ఈ చదువు నీకెందుకమ్మా, ఇంట్లో కూర్చోక అన్నారు. కోపంగా అనలేదు. జాలిగా అన్నారు. నెజి మాటలు నాకు అందుకే అంత బాగా తెలుసు. అవీ జాలితోనే మొదలవుతాయి. నీ మంచికే చెప్తున్నాను, వెళ్లిపో అంటాడు.

మళ్లీ సెమినార్ ఇవ్వడానికి వారం గడువిచ్చారు. ఆ వారంలో హాస్టల్లో దుప్పటి కప్పుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 47వ ఎపిసోడ్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నరుటో అరిచే చోటు కోసం కాదు. తను లేచే చోటు కోసం. లేచేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి చూడండి, సరిగ్గా నిలబడలేక ఒక పక్కకు ఒరిగి నిలబడుతుంది. హీరోలు లేచినట్టు లేవదు.

సెమినార్ ఇచ్చాను. కాగితం రెండు చేతులతో పట్టుకున్నా అది ఊగుతూనే ఉంది, ముందు బెంచీ వాళ్లకు ఆ చప్పుడు కూడా వినిపించి ఉంటుంది. పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాను. మార్కులు అంతంత మాత్రమే. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, ఇప్పటికీ మీటింగ్‌లో నా వంతు వస్తోందంటే అరచేతులు చెమటలు పడతాయి.

ఓరుగల్లు అన్నా, షిప్పూడెన్‌లో కళ్లు తిరిగి పడిపోవడం మీకు వెనకడుగులా అనిపించింది. నాకు అది నిజంలా అనిపించింది. ఒకరోజు ధైర్యం చేసినంత మాత్రాన మర్నాడు బిడియం పోదు. నాకు పోలేదు.


ఓరుగల్లు_ఒటాకు | శనివారం మధ్యాహ్నం 3:05

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. ఆ పడిపోయే సీన్ గురించి నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న. నేను దాన్ని బయట నిలబడి చూసిన, నువ్వు లోపల నుంచి చూసినవ్.

గానీ ఇంకో ముచ్చట ఉన్నది, దాన్ని మాత్రం ఇడువ. 2014ల వచ్చిన సినిమా, ద లాస్ట్. అండ్ల ఎర్ర మఫ్లర్ కథ పెట్టిన్రు. చిన్నప్పుడు మంచుల కొందరు పోరగాండ్లు హినాటాను ఏడిపిస్తుంటే నరుటో అడ్డమొచ్చి దెబ్బలు తింటడు, ఆయన మఫ్లర్ చిరుగుతది, ఆ దినం నుంచే ఈమెకు ఇష్టం అన్నట్టు చూపిస్తరు. మాంగాల మొదాలు అట్ల లేదు కదా! అండ్ల ఈమె దూరం నుంచి చూస్తుండే. అందరు ఛీ అంటున్న పోరడు, పొద్దుగాల ఓడిపోయి మాపటికి మళ్ల లేస్తున్న పోరడు. ఊర్లె ఎవ్వరు చూడనిది ఈమె చూసింది. అది ఆమె గొప్పతనం. సినిమా వచ్చి 'ఆయన కాపాడిండు, ఈమె ప్రేమించింది' అని చేసింది. చూసిన పిల్లను కాపాడబడ్డ పిల్లను చేసిన్రు.


గోదారి_గాలి | శనివారం సాయంత్రం 4:40

తమ్ముడూ, 'చూసిన పిల్ల' అన్నావు చూడు, నాకు అసలు దారి అక్కడ దొరికింది.

బిడియస్తులు ఎక్కువగా చేసే పని చూడటమే. నలుగురిలో మాట్లాడరు, ఓ మూల నిలబడి గమనిస్తారు. అలాంటి పిల్లకి రచయిత ఇచ్చిన శక్తి ఏమిటి? బ్యాకుగన్. చుట్టూ దాదాపు అన్ని పక్కలా కనిపిస్తుంది, గోడల అవతల కనిపిస్తుంది, మనిషి ఒంట్లో చక్ర పారే దారులు కనిపిస్తాయి. అదే కన్ను నెజికీ ఉంది. అతను దాంతో ఎదుటివాళ్ల బలహీనత వెతుకుతాడు. హినాటా నొప్పి చూస్తుంది. నరుటోలో అదే చూసింది, చివరికి తనను చంపబోయిన అన్నలోనూ అదే చూసింది.

పేరు కూడా చూడండి. హ్యూగా అని ఇంటిపేరు రాసే అక్షరాలనే హినాటా అనీ చదవొచ్చు, ఎండ తగిలే చోటు అని అర్థం. ఇంటిపేరూ ఒంటిపేరూ ఒకటే అయిన పిల్లని ఆ ఇల్లే నువ్వు మాకొద్దంది.

సినిమా మీద మాత్రం నీతో పూర్తిగా కలవలేను. మఫ్లర్ నాకూ నచ్చలేదు. కానీ ఆ సినిమాలో విలన్ టోనెరి దగ్గరికి వెళ్లడం సంగతి? వాడి మాటకు ఒప్పుకున్నట్టు నటించి వెళ్లింది, వాడి కోట లోపలున్న టెన్సైగన్ అనే శక్తిని నాశనం చేయాలని. ఎవరికీ చెప్పుకోకుండా, నరుటో తనను అపార్థం చేసుకుంటాడని తెలిసీ వెళ్లింది. ఎప్పుడూ ఎదుటివాళ్లకి తలూపుతావని నెజి అన్నాడే, ఈసారి పైకి తలూపి లోపల తన నిర్ణయం తను తీసుకుంది. దానికి నేను మార్కులు వేస్తాను.


ఓరుగల్లు_ఒటాకు | శనివారం సాయంత్రం 5:02

అది ఒప్పుకుంట. మఫ్లర్ మాత్రం ఒప్పుకోను.


మాంగా_అటక | శనివారం రాత్రి 9:15

ఆ సినిమా అవసరం ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 437వ అధ్యాయంలో హినాటా తన మనసు విప్పి చెప్పింది. అనిమేలో అది షిప్పూడెన్ 166. ఆ తర్వాత కథ అంత నడిచింది, ప్రపంచ యుద్ధం జరిగింది, నరుటో ఆ మాటకు జవాబివ్వడం మాంగాలో లేదు. 700లో మాత్రం ఇద్దరికీ పెళ్లయి, బొరుటో, హిమావారి పుట్టి ఉంటారు. మధ్య పేజీలు ఖాళీ. ఆ ఖాళీ నింపడానికే ద లాస్ట్. ఆలస్యంగా కట్టిన బాకీ అది, అందుకే కొంచెం వడ్డీ ఎక్కువ కట్టినట్టు ఉంటుంది.

యుద్ధంలో జరిగింది కూడా ఎవరూ ఎత్తలేదు. పది తోకల మృగం మేకులు విసురుతుంటే నరుటోకు అడ్డంగా హినాటా వెళ్లింది, ఆమెకు అడ్డంగా నెజి వెళ్లాడు. నెజి పోయాడు. నుదుటి మీది ముద్ర మెల్లగా చెరిగిపోవడం కనిపిస్తుంది. శత్రువు ఒబిటో అక్కడే నిలబడి, నీ స్నేహితులను చావనివ్వనన్నావు కదా అని నరుటోను ఎద్దేవా చేస్తాడు. నరుటో చూపు చెదిరిపోతుంది. అప్పుడు హినాటా అతని చెంప మీద ఒక్కటి వేస్తుంది. ఏడుస్తూనే. ఆమె అన్నయ్య శవం ఇంకా నరుటో భుజం మీదే ఉంది. ఆ క్షణంలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆమె. అయినా పక్కవాడు పడిపోతున్నాడని ముందు ఆమెకే కనిపించింది.

చునిన్ పరీక్షల్లో పై అంతస్తు నుంచి నరుటో అరిస్తే ఆమె నిలబడింది. ఇక్కడ అరుపు లేదు, అరచేయి చెంప మీదే ఉంది, మాట చాలా నెమ్మది. అతను నిలబడ్డాడు. గొంతు పెద్దది కాలేదు, బిడియం పోలేదు. వరస మాత్రం తిరిగింది.


చివరి_బెంచీ | శనివారం రాత్రి 10:08

ఆ చోట తను నరుటో చేయి పట్టుకుంటుంది కదా అటక గారూ. నాకు అదే గుర్తు. చిన్నప్పుడు ఆ వేళ్లు ఒకదాన్నొకటి తప్ప ఇంకెవర్నీ పట్టుకోలేదు.


పెన్సిల్_ముక్క | శనివారం రాత్రి 10:11

ఇది నాకు తట్టనే లేదు. రేపు ఆ రెండు చేతులూ పక్కపక్కన గీస్తాను.


కునాయ్_కుర్రాడు | ఆదివారం ఉదయం 10:30

మొన్న తొందరపడి రాశాను, సారీ. నిజం చెప్పాలంటే నాకు హినాటా ఎందుకు ఇష్టమో నేనెప్పుడూ ఆలోచించలేదు, ముద్దుగా ఉంటుందని అంతే. ఒక డౌట్. ఆ పురుగుల కోసం అడవికి వెళ్లే ఎపిసోడ్లు, 148 నుంచి 151, అవి మాంగాలో లేవు కదా? అందులో తను రాత్రిపూట జలపాతం దగ్గర సాధన చేసి సొంతంగా ఒక రక్షణ విద్య కనిపెడుతుంది. అది లెక్కలోకి వస్తుందా?


మాంగా_అటక | ఆదివారం ఉదయం 11:12

మాంగాలో లేవు, అనిమే వాళ్లు కలిపినవే. నా మటుకు నాకు లెక్కలోకి వస్తాయి. హ్యూగా విద్య అంతా ఎదుటివాడి చక్ర బిందువులు మూయడం మీద కట్టింది. ఈ పిల్ల తన ఒంటికి తగ్గట్టు, తన మృదుత్వానికి తగ్గట్టు, చుట్టూ ఉన్నవాళ్లను కాపాడేలా దాన్ని మార్చుకుంది. వంశం పనికిరాదన్న పిల్ల వంశ విద్యకు కొత్త రూపం ఇచ్చింది. ఫిల్లర్, అంటే మధ్యలో నింపడానికి కలిపిన కథ అని దాటేయకుండా చూడు బాబూ, బాగుంటాయి.


నీలిగొడుగు | ఆదివారం రాత్రి 8:47

అందరికీ చాలా థ్యాంక్స్. చివరి_బెంచీ గారూ, మీది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

నిన్న రాత్రి మా చెల్లికి అటక గారు చెప్పిన మాట చెప్పాను, దెబ్బలు నెజివి, లోపలికి దిగిన మాట హినాటాది అని. కాసేపు ఆలోచించి, తర్వాత ఏమైంది తనకి, ఇప్పుడే చూపించు అని పట్టుబట్టింది. వరస తప్పుతుందని చెప్పినా వినలేదు. చివరికి ఈ రోజు మధ్యాహ్నం 166 పెట్టాను. ముందు కథ రెండు నిమిషాల్లో చెప్పాను, పెయిన్ ఎవరు, ఊరు ఎలా నేలమట్టమైంది, నరుటోను చేతుల మీద నల్ల మేకులు దింపి నేలకు ఎలా అదిమి పెట్టాడు అని.

హినాటా దిగి వచ్చింది. పెయిన్ ఒక్క విసురుకు పడేశాడు. లేచింది, మళ్లీ పడింది. చెల్లి దిండు గట్టిగా పట్టుకుని చూస్తోంది. చివర్లో తను నిలబడలేక, మోచేతుల మీద పాక్కుంటూ వెళ్తుంది కదా, అక్కడ చెల్లి రిమోట్ లాక్కుని ఆపేసింది. తెరకు దగ్గరగా వెళ్లి వేలు పెట్టి చూపించింది.

"అక్కా, తను అతని మీదకి వెళ్లట్లేదు. మేకు పీకడానికి వెళ్తోంది."

నేను ఈ ఎపిసోడ్ ఇంతకుముందు నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నాకు వినిపించింది ఆ ప్రేమ మాటే. నేల మీద ఆ చెయ్యి ఎటు జరుగుతోందో చూడలేదు.

మళ్లీ ప్లే నొక్కింది. ఇంకా ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు. రేపటి నుంచి 48 దగ్గర మొదలుపెట్టి వరసగానే చూస్తుందట.